బిందువుల లెక్క

ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవానికి సాయంకాలములు మిక్కిలి దీర్ఘములు. ఉదయము దినపత్రికతోను, మధ్యాహ్నము నిద్రతోను గడచిపోవును గాని, నాలుగు గంటలు కొట్టినప్పటినుండి చేతిలో సుద్దముక్క లేని లోటు తెలియుచునే యుండును. అట్టి కాలమున, 2023వ సంవత్సరము దసరా సెలవులు ముగిసిన పిదప, మా యింటి యెదుట కాపురముండు దర్జీగారి కుమార్తె పుస్తకములు చంకనిడుకొని మా అరుగు మీదికి వచ్చి, "మాస్టారూ! నాకు భౌతికశాస్త్రము చెప్పెదరా? నేను నర్సింగు ప్రవేశపరీక్ష వ్రాయవలెను" అని అడిగెను.

ఆ యమ్మాయి ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము, బై.పి.సి., తెలుగు మాధ్యమమున చదువుచుండెను. వారి యింట అంతకు ముందు కళాశాల మెట్లెక్కినవారు లేరు. నర్సింగే యెందులకని నేను ప్రశ్నింపగా నోట సమాధానము చెప్పక, మరునాడు ఒక పాత నోటుపుస్తకము తెచ్చి నా ముందుంచెను. 2021వ సంవత్సరము మే నెలలో, కోవిడు రెండవ వెల్లువనాడు, ఆమె తండ్రి పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండెను. ఇంటివారి నెవరిని లోనికి రానీయలేదు. ప్రతి సాయంకాలము ఏడు గంటల ప్రాంతమున ఒక నర్సు ఫోనులో పిలిచి, రోగి రక్తమున ప్రాణవాయువు ఎంత శాతమున్నదో చెప్పి, పిమ్మట ఫోనును అతని చెవియొద్ద నిముషముసేపు పట్టుకొనెడిది. ఆ సంఖ్యలను ఈ పిల్ల తేదీలతో వ్రాసికొన్నది. 88, 86, 87, 87, 90; అట్లు క్రమముగా 95 వరకు. 86 అను అంకె మీద కలముతో మరల మరల దిద్దిన గుర్తులుండెను. ఆ నర్సు ముఖమును వీరెవ్వరును చూచి యెరుగరు. పేరు కూడ తెలియదు.

"ఆమె ఒక్కనాడును 'బాగానే యున్నారు' అని ఊరక చెప్పలేదు మాస్టారూ. అంకె చెప్పెడిది" అని ఆ పిల్ల యనెను.

నేను ఆ రాత్రియే నా పాత పుస్తకముల పెట్టె దింపి దుమ్ము దులిపితిని.

అయితే ఆమె నాయనమ్మకు ఈ సంకల్పము సమ్మతము కాలేదు. కుమారుని కాపాడిన నర్సమ్మ పేరు చెప్పి ఆ వృద్ధురాలు ప్రతి శుక్రవారము దీపము వెలిగించెడిది; ఆ పనినే తన మనుమరాలు చేయుట మాత్రము ఆమెకు కిట్టదు. "రాత్రిళ్లు మేలుకోవడం, పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడం. రేపు సంబంధానికి వచ్చినవాళ్లు ఏమంటారో మీరే చెప్పండి మాస్టారూ" అని నన్ను నిలదీసెను.

ఈ మాట ఆమె యొక్కతెది కాదు. ఇంగ్లండున సంపన్న కుటుంబములో పెరిగిన ఫ్లారెన్సు నైటింగేలు నర్సు కాదలచినప్పుడు ఆమె తల్లియు, అక్కయు ససేమిరా యనిరి. ఆమె 1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు పరిచర్య చేయుటకు స్కుటారీ ఆసుపత్రికి పోయినది. అందరును ఆమె చేతిలోని దీపమునే చెప్పుకొందురు. నాకు మాత్రము ఆమె లెక్కలయందు గౌరవ మెక్కువ. గాయములచే చనిపోయినవారికంటె, శుభ్రత యున్నచో నివారింపదగిన రోగములచే చనిపోయినవారే మిక్కిలిగా నున్నారని ఆమె పటములు గీసి చూపెను. లండను గణాంకశాస్త్ర సంఘమునకు 1858లో ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణాలయము వెలసెను. మనకు చేరువనున్న వేలూరులో 1909లో ఐడా స్కడరు అను వైద్యురాలు అట్టి విద్యాలయమును స్థాపించెను. చిత్తూరు, నెల్లూరు సీమలనుండి రోగులు నేటికిని ఆ వేలూరు ఆసుపత్రికే పోవుచుందురు. ఇదంతయు నేను నాయనమ్మకు విపులముగ చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, "ఆ దొరసానికి పెళ్లయిందా?" అని అడిగెను. కాలేదని చెప్పక తప్పలేదు. ఆనాటి వాదమున గెలుపు ఆమెదే.

ఇక పరీక్ష సంగతి. ఢిల్లీ, భువనేశ్వరము మొదలగు చోట్ల గల అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలలో నాలుగేండ్ల నర్సింగు పట్టమునకు జరుగు ప్రవేశపరీక్షను ఆమె ఎన్నుకొన్నది. నూరు ప్రశ్నలు, రెండు గంటల కాలము. భౌతిక, రసాయన, జీవశాస్త్రములకు ముప్పదేసి, సామాన్యజ్ఞానమునకు పది. ప్రశ్నపత్రము తెలుగున నుండదు. అదియే మాకు మొదటి కొండ. ఆమెకు ద్రవాభిసరణమన నేమో చక్కగా తెలియును. ఆస్మాసిస్ అనిన తెలియదు. ధమని తెలియును, ఆర్టరీ తెలియదు. ఒక పుస్తకమున గీతగీసి, ఎడమవైపున తెలుగు మాట, కుడివైపున పరీక్షలో వచ్చు మాట వ్రాయించితిని. సంక్రాంతి నాటికి ఆ పట్టిక ఆరువందల మాటలు దాటెను. వాళ్ల నాన్న కుట్టుమిషను ప్రక్కనే కూర్చుండి, గుండీలు కుట్టుచు, ఎడమవైపు మాట తాను చదివి కుడివైపు మాట కుమార్తెచే చెప్పించుచుండువాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఆమె తప్పు చెప్పినను తెలియదు. అయినను ఆ పాఠము ఒక్కదినము మానలేదు.

జీవశాస్త్రమునకు ఆమె నా సాయము కోరలేదు. భౌతికశాస్త్రమనిన మాత్రము భయము. ద్రవముల పీడనమును గూర్చిన అధ్యాయము వచ్చినప్పుడు, "నర్సుకు ఇది యెందులకు మాస్టారూ?" అని విసుగుకొనెను. నేను సమాధానము చెప్పక, మందుల దుకాణమునుండి ఒక సెలైను గొట్టమును కొని తెప్పించి, నీటిసీసాకు తగిలించి, దూలమునుండి వ్రేలాడదీసితిని. సీసాను పైకెత్తిన చుక్కలు వేగముగ పడును; దించిన నెమ్మదించును. ఇది ఆమె కంటితో చూచెను. పిమ్మట లెక్క చేసితిమి. గుండె సంకోచించినప్పుడు ధమనిలో నుండు పీడనము సాధారణముగా 120 మిల్లీమీటర్ల పాదరసము. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. అనగా ఆ పీడనమునకు ఎదురు నిలుపుటకు 1632 మిల్లీమీటర్ల నీరు, అయిదడుగుల పైచిలుకు ఎత్తు కావలెను. సిరలలో పీడనము చాల తక్కువ గనుక మూడడుగుల ఎత్తున సీసాను వ్రేలాడదీసినను సెలైను లోనికి పోవును. "అందుకా సూదిని సిరలో గ్రుచ్చుట!" అని ఆ పిల్ల లేచి నిలుచుండెను. ముప్పదియేండ్ల ఉద్యోగమున అట్టి లేచి నిలుచుటలు నేను వ్రేళ్లమీద లెక్కింపగలను.

ఈ పాఠము చదువుచున్న మీరును కాగితము తీసికొని యీ క్రింది లెక్కను చేసి చూడుడు. అయిదువందల మిల్లీలీటర్ల సెలైనును ఎనిమిది గంటలలో ఎక్కింపవలెనని వైద్యుడు వ్రాసెను. ఆ గొట్టమున ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరగును. నిముషమునకు ఎన్ని చుక్కలు పడవలెను? మొత్తము పదివేల చుక్కలు, నిముషములు 480. రమారమి 21. గడియారము ముందుంచుకొని, గొట్టము మీది చిన్న చక్రమును త్రిప్పుచు, నిముషమునకు సరిగా ఇరువదియొక్క చుక్కలు పడునట్లు చేయుటకు ఆమెకు ఆనాడు అరగంట పట్టినది. వంటింటిలోనుండి నా భార్య వచ్చి చూచి, ఇల్లు ఆసుపత్రి యగుచున్నదని సణిగి, తానును లెక్కించుటకు కూర్చుండెను.

తప్పు సమాధానమునకు మూడవవంతు మార్కు తగ్గింతురు. ఈ నియమమును విద్యార్థులందరు తిట్టుదురు. నాకు అది మిక్కిలి చక్కని నియమముగ తోచును. నాలుగు సమాధానములలో కన్నులు మూసికొని ఒకదానిని గుర్తించినచో, నాలుగు ప్రశ్నలలో ఒకటి సరిపడును, మూడు తప్పును. వచ్చిన ఒక్క మార్కు మూడు మూడవవంతులతో చెల్లిపోవును. గ్రుడ్డి ఊహకు ఫలము సరిగా సున్న. ఒక సమాధానము కాదని నిశ్చయముగా తెలిసినచో మిగిలిన మూడింటిలో ఊహించుట కొంత లాభమే. ఆ చిట్కాను నేనును ఆమెకు నేర్పితిని. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "మందుసీసా మీది చీటి చెరిగిపోయిన, మూడింటిలో ఒకటి యని ఊహించి ఇయ్యవచ్చునా?" అనెను. పరీక్ష వేరు, రోగి వేరు అని నేను చెప్పితిని. ఆమె తలయూపెను గాని, అభ్యాసపత్రములలో తనకు రాని ప్రశ్నలను విడుచుట మానలేదు. నాకు కొంత చిరాకు కలిగెను కూడ.

ఏప్రిలు నెలలో ఎండలు మండుచుండగా నాయనమ్మకు విరేచనములు పట్టుకొనెను. ఆసుపత్రికి రానని ఆమె భీష్మించెను. ప్రక్కయింటి ఇల్లాలు పరుగున పోయి ఓ.ఆర్.ఎస్. పొట్లము తెచ్చి, మంచి యుద్దేశముతోనే, పొట్లమంతయు ఒక గ్లాసు నీటిలో కలిపి నోటియొద్ద పెట్టబోయెను. ఆ పిల్ల గ్లాసును పట్టుకొని ఆపెను. పొట్లము మీది అక్షరములను పైకి చదివెను: ఒక లీటరు నీటికి. గ్లాసులోనిది పారబోసి, కాచి చల్లార్చిన నీరు లీటరు కొలిచి, మరియొక పొట్లము కలిపి, చెంచా చెంచాగా త్రాగించెను.

పెద్దలు తెల్లబోయిరి. "ఎక్కువ కలిపితే బలమే కదా!" అని ఒకరనిరి. కాదు. ఆ పొట్లమున లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, వానితోడ పొటాషియము క్లోరైడు, సిట్రేటు కొలత ప్రకారము ఉండును. ప్రేగు గోడలో గ్లూకోజు తాను పోవుచు సోడియమును వెంటబెట్టుకొని పోవును. వాని వెనుక నీరు పోవును. ద్రావణము చిక్కనైనచో నీరు వెనుకకు, అనగా శరీరమునుండి ప్రేగులోనికి వచ్చును. ఎడమవైపు మాట ద్రవాభిసరణము, కుడివైపు మాట ఆస్మాసిస్! 1971లో బంగ్లాదేశ యుద్ధమునాడు బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినప్పుడు, సెలైను సీసాలు చాలక, డాక్టరు దిలీప్ మహలనబీసు ఉప్పు గ్లూకోజుల నీటిని పీపాలలో కలిపించి త్రాగించెను. నూటికి ముప్పదికి చేరువగానుండిన మరణములు నాలుగింటికి లోపునకు దిగెను. ఈ కథను నేను సామాన్యజ్ఞానమున చెప్పియుంటిని. పొట్లము మీది అక్షరములను చదువుమని మాత్రము ఎన్నడును చెప్పియుండలేదు.

మరునాడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వైద్యుడు పరీక్షించి భయము లేదనెను. నాయనమ్మ తిరిగి వచ్చి మా అరుగుమీద కూర్చుండి, పెండ్లి మాట యెత్తక, "పరీక్ష ఎప్పుడు మాస్టారూ?" అని అడిగెను.

పరీక్ష జూన్ నెలలో జరిగెను. నూటిలో పదునాలుగు ప్రశ్నలను ఆమె విడిచివచ్చెను. "వానిలో ఆరింటికి రెండేసి సమాధానములు కావని తెలిసెను గదా, ఏల గుర్తింపలేదు?" అని నేను మందలించితిని. ఆ యారు ప్రశ్నలను నేను నెలదినములు మరువలేదు. మొదటి విడత సీట్లలో ఆమె పేరు లేదు. ఆ వారము దర్జీగారి మిషను చప్పుడు రాత్రి పదింటి వరకు వినవచ్చెడిది; ప్రైవేటు కళాశాల రుసుమును గూర్చి అతడు లెక్కలు వేసికొనుచున్నాడని నాకు తెలియును. రెండవ విడతలో భువనేశ్వరమున సీటు వచ్చెను.

అచ్చటి రోగులు మాటలాడునది ఒడియా. మా వీధిలో కట్టుచున్న మేడకు కుళాయిలు బిగించుటకు కేంద్రపడా జిల్లానుండి ఒక మేస్త్రి వచ్చియుండెను. ఆ పనికి ఆ జిల్లావారు దేశమంతట పేరుపొందినవారు. ప్రయాణమునకు ముందు పది దినములు, అతడు పని ముగించి చేతులు కడుగుకొని వచ్చువేళకు, ఆమె మా అరుగుమీద పాత పట్టికలో మూడవ గీత గీచి సిద్ధముగ నుండెడిది. నొప్పి యెక్కడ, ఎప్పటినుండి, ఊపిరి పీల్చుము, భయపడకుము. ఒక్కొక్క మాటయే వచ్చిన హిందీలో అడిగి వ్రాసికొనెను. నాయనమ్మ వాకిట మల్లెలు కట్టుచు వినుచుండెను. కొంతసేపటికి ఆమె తలయెత్తక, "అన్నం తిన్నావా అని ఎట్లా అడగాలో కూడా రాసుకోవే" అనెను.