ఇంటి ధర, పేరు ధర

మలక్‌పేటలో మా రెండుగదుల ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. ఎంత చెప్పాలి? ఎన్ని ఎస్సెఫ్టీలు, భూమిలో వాటా ఎన్ని గజాలు, బిల్డింగు వయసెంత, లిఫ్టుందా? 2021 జూలై నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు నూటికి ఏడున్నర. కొనేవాడు అదీ బేరంలో కలుపుతాడు. ఇంతవరకూ అందరిదీ ఒకటే లెక్క.

తర్వాత మా లెక్క మొదలవుతుంది. "సాబ్, మీ ఇల్లు మీవాళ్లే కొనాలి. తగ్గించి చెప్పండి" అంటాడు బ్రోకరు. మేం కొన్నప్పుడో? మాకు అమ్మేవాళ్లే తక్కువని ఎక్కువ పెట్టించారు. ఈ తేడా ఏ దస్తావేజులోనూ రాయరు.

1990 డిసెంబరు అల్లర్ల తర్వాత వచ్చిన కాడికి ఇళ్లమ్ముకున్నవాళ్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. భయంతో ఒప్పుకున్నది ధరెలా అవుతుంది? జుర్మానా అవుతుంది.

పై అంతస్తు ఫ్లాట్ ఏ రేటుకి పోయిందో మేమూ అదే చెప్పాం. గోడల మీద బేరమాడండి, గచ్చు మీద ఆడండి. పేరు మీద మాత్రం పైసా తగ్గించం.