పరుల స్వరపత్రములు

ఒకరు వ్రాసినదానిని వేఱొకరు దిద్దుట లోకమున క్రొత్త గాదు. తాళపత్రముల కాలమున లేఖకుల ప్రమాదములను పండితులు దిద్దిరి. మాకు కంప్యూటరు తెరపై స్వరములను దిద్దు పని ప్రాప్తించినది. మా పాఠశాలలోని బృందగానమునకును, వయొలిన్ తరగతికిని ఇతరులు పాశ్చాత్య పద్ధతిని వ్రాసిన స్వరపత్రముల ఫైళ్లు వచ్చుచుండును. వానిని మ్యూజ్‌స్కోరులో తెఱచి సరిచేయుట మా వంతు.

పైకి పత్రము చక్కగానే యుండును. లోపలి సంగతి వేఱు. మెత్తగా వాయింపుమని తెలుపు 'పి' గుర్తునకు మాఱుగా ఉత్త 'పి' అక్షరమును టైపు చేసి యుందురు. కంటికి రెండును ఒకటే; యంత్రము మాత్రము దాని నెఱుంగదు, ధ్వని తగ్గింపదు. ఒకే స్వరమును పొడిగించు 'టై' యుండవలసిన చోట 'స్లర్' గీయుదురు. రెండును వంపుగీతలే. కాని మొదటిది రెండు స్వరములను ఒకటిగా జేయును. రెండవది రెంటిని వేఱువేఱుగనే పలికించును. సాహిత్యమును స్వరమునకొక అక్షరముగా కూర్పక, నడుమ ఖాళీలు పెట్టి పేర్చుదురు. ఒకచోట స్వరమొకటి చేర్చినంతనే పదములన్నియు తావు దప్పును.

అచ్చు బాగుగా వచ్చిన చాలదా, ఇంత పట్టింపేల యని కొందఱు మమ్ము నడిగిరి. మా వయొలిన్ తరగతిలో చూపులేని బాలుడొకడు కలడు. లూయీ బ్రెయిలు 1829లో ప్రకటించిన గ్రంథమునందే సంగీతమును చుక్కలతో వ్రాయు విధానము కలదు. నేటి సాఫ్టువేరు స్వరపత్రమును ఆ చుక్కలలోనికి మార్చగలదు. అయితే అది మార్చునది ఫైలులోని అర్థమును గాని, కంటికి దోచు రూపమును గాదు. తప్పు గీతను చూపుగల పిల్లలు ఊహించి సరిపుచ్చుకొందురు. ఆ బాలుని వ్రేళ్లకు అందునది తప్పే.

మఱియొక కారణము కలదు. 1988లో వెలువడిన ఫినాలే యను ప్రసిద్ధ సాఫ్టువేరు అభివృద్ధిని 2024 ఆగస్టులో నిలిపివేసిరి. అందు వ్రాసికొన్న వారు తమ పత్రములను మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ రూపమున వేఱొక సాఫ్టువేరునకు తరలించుకొనవలసి వచ్చినది. ఇట్టి ప్రయాణమున అర్థముతో వ్రాసినది చాలవఱకు గట్టెక్కును. కంటికొఱకు సర్దినది చెదరును.

దిద్దువానికిని ధర్మము కలదు. మొదట మూలమునకు ప్రతి తీసి, దానిని ముట్టక దాచవలయును. వింతగా నున్నదెల్ల తప్పు గాదు. అనుకొనని చోట నున్న షార్పు కర్త కోరినదే కావచ్చును. అట్టిచోట కర్త నడుగవలయును. చేసిన మార్పుల జాబితాను ఆయనకు పంపవలయును. లేకున్న పరిష్కారము అపహరణ మగును.

చదువరులారా! మీ యిండ్లలో పిల్లలు ఈ విద్య నేర్చుచున్నచో, పత్రము ముగించిన పిమ్మట తెరవైపు చూడక ఒకసారి దానిని వినుమని చెప్పుడు. కన్ను మన్నించిన తప్పులు పెక్కు చెవికి చిక్కును.