పేటలో వేలం పాట

గుంటూరులో ఒంగోలు బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే చిలకలూరిపేట వస్తుంది. కలకత్తా నుంచి మదరాసు పోయే పెద్ద రోడ్డు మీది ఊరు. మా చిన్నతనంలో ఆ రోడ్డు నంబరు 5, ఇప్పుడు 16. 2022 దాకా గుంటూరు జిల్లాలో ఉన్న ఊరు, ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. నంబర్లూ జిల్లాలూ మారాయి గాని, నల్లరేగడి మారలేదు. ఒక పక్క పత్తి బోరాలు, మరొక పక్క మిరపకాయల ఘాటు. బస్సు దిగగానే రెండు తుమ్ములు తుమ్మితే పేట చేరామని గుర్తు.

మా అక్కయ్య ఇల్లు అక్కడే. మొన్న సెలవులకు వెళ్ళేసరికి ఇంట్లో రణరంగంగా ఉంది. జిన్నింగు మిల్లు చూసుకునే మేనల్లుడు కరెంటు కారు కొంటానంటున్నాడు. అదైనా సంసారపక్షం కారు కాదు, స్పోర్ట్సు కారు. రెండే సీట్లు. కరెంటు కారంటే నేనెరిగింది 2001లో బెంగుళూరు నుంచి వచ్చిన రేవా అనే బుల్లి బండి. ఇది ఆ జాతిది కాదు. కొత్తదాని ఖరీదుకు పేటలో మేడ వస్తుంది.

"కొత్తది కాదు మావయ్యా, సీజింగు బండి. అప్పు కట్టలేదని ఫైనాన్సు వాళ్ళు పట్టుకున్నారు. వేలంలో చవగ్గా వస్తుంది," అన్నాడు వాడు.

"పై అంతస్తు వేద్దామని దాచిన డబ్బురా తమ్ముడూ! నువ్వైనా చెప్పు," అంది అక్కయ్య.

"కరెంటు బండి మనకు కొత్తా అమ్మా? శివరాత్రికి కోటప్పకొండకు విద్యుత్ప్రభలు కట్టుకుపోయే వాళ్ళం కాదూ?" అన్నాడు వాడు. అక్కయ్య నవ్వింది. ఆ నవ్వుతో సగం యుద్ధం వాడు గెలిచాడు.

మర్నాడు మెకానిక్కును వెంటబెట్టుకుని యార్డుకు వెళ్ళాం. రేకుల ప్రహరీ వెనుక ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు దుమ్ము కప్పుకుని నిలబడి ఉన్నాయి. ఒక ట్రాక్టరు ముందు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఎండి నల్లబడ్డాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంటి కథ. చివర్న ఉంది మన కారు. ఆకుపచ్చ పలక మీద తెల్లని నంబరు. తలుపు తెరుచుకోదు! నెలల తరబడి నిలిచిపోవడంతో లోపలి చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిందట. వేరే బ్యాటరీ తెచ్చి తగిలిస్తే గాని అది కళ్ళు తెరవలేదు.

ఈ కార్లకు ఇంజను చప్పుడు లేదు గనుక చెవితో పరీక్షించడానికి వీల్లేదు. ప్రాణమంతా అడుగునున్న పెద్ద బ్యాటరీలో ఉంది. అది పోతే కారు ఖరీదులో పెద్ద వాటా పోయినట్టే. మెకానిక్కు ఒక పరికరం తగిలించి దాని ఆరోగ్యం చూశాడు. బ్యాటరీ గ్యారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో, పాత యజమాని మీద చలానాలేమైనా ఉన్నాయో చూడమన్నాడు. "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతారు. తరువాత ఏడ్చి లాభం లేదు. రిజిస్ట్రేషన్లో అప్పు పేరు కొట్టేయడానికి 35వ నంబరు ఫారం, యజమాని పేరు మార్చడానికి 29, 30 ఫారాలు కావాలి.

ధరావతు కట్టాం. వేలం అన్న మాట పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిందని పండితులంటారు. దాని పక్కన పాట చేర్చింది మాత్రం మనమే. ఇప్పుడు పాడేవాడు లేడు. మేనల్లుడు సెల్ ఫోను మీద బొటనవేలు నొక్కుతూ కూర్చున్నాడు. అక్కయ్య గీసిన గీత దాటకుండానే బండి మాదైంది.

ఇంటికి తెచ్చి తుడుస్తుంటే సీటు సందున చిన్నపిల్ల వెండి పట్టీ ఒకటి దొరికింది. రెండు సీట్ల కారు కదా, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పి ఉంటారు. ఫైనాన్సు వాళ్ళు రాసుకున్న సామాన్ల జాబితాలో అది లేదు. మేనల్లుడి ముఖం చిన్నబోయింది. అప్పు వసూలుకు గూండాలను పంపకూడదని 2007లో సుప్రీంకోర్టు బ్యాంకులను మందలించింది. ఈ బండిని ఎలా తెచ్చారో మాకు తెలియదు, మేమూ అడగలేదు.

"ఒకరి బిడ్డ పట్టీ మనింట ఉండగా కారుకు కొబ్బరికాయ కొట్టను," అంది అక్కయ్య.

ఫైనాన్సు ఆఫీసు ద్వారా కబురు పంపాం. నాలుగో రోజు ఆయనే ఫోను చేశాడు. పత్తి వ్యాపారం చేసేవాడట. పట్టీ కోసం మనిషిని పంపుతానన్నాడు. క్షమాపణ ఎలా చెప్పాలో, అసలు చెప్పాలో లేదో తెలియక మావాడు నీళ్ళు నమిలాడు. ఆయనే అన్నాడు:

"రోజూ నిండా ఛార్జి పెట్టకండి బాబూ. నూటికి ఎనభై దగ్గర ఆపండి. బ్యాటరీ పదికాలాలు ఉంటుంది."

మనిషి వచ్చి పట్టీ పట్టుకెళ్ళిన సాయంత్రమే అక్కయ్య కొబ్బరికాయ కొట్టింది. తొలి ప్రయాణం కోటప్పకొండకు. రెండే సీట్లు గనుక తల్లీ కొడుకులు కారులో, నేను వెనక బస్సులో. కొండ మెట్ల దగ్గర నేను దిగేసరికి అక్కయ్య నా కోసం చూస్తోంది.

"ఎలా ఉంది కారు?" అన్నాను.

"చప్పుడే లేదురా," అంది. "ఆయన మాటే చెవిలో వినపడుతూ వచ్చింది."