మోకు, గొంగడి, కొండత్రాడు

కొండలెక్కువారి యిండ్లలో సామగ్రి కుప్పలుగా నుండును. నా యింట నున్నది కొంచెమే. అయినను అందులో ఒక్కొక్క వస్తువును గూర్చి గంటసేపు చెప్పగలను. వినువారు దొరకుటయే కష్టము. నేను పుట్టినది జనగామ ప్రాంతమున. అక్కడ మంచుకొండలు లేవు. నల్లరాతి గుట్టలును, తాటివనములును గలవు. ఎక్కుట యననేమో నాకు మొదట తెలిసినది ఆ తాళ్ల క్రిందనే.

మా తాత గీతకార్మికుడు. మోకు, ముత్తాదు అను జంటమాట మా యింట అన్నము, నీళ్లు అన్నంత తరచుగా వినవచ్చెడిది. మోకు అనగా లావైన త్రాటితో గట్టిన వలయము. అది చెట్టును, ఎక్కువాని వీపును కలిపి చుట్టుకొని యుండును. అతడు వెనుకకు వాలినకొలది త్రాడు మ్రానునకు బిగియును. పాదములు మ్రానును అదిమిపట్టును. జంకి చెట్టును కౌగిలించుకొనువాడు జారును, వెనుకకు వాలువాడు నిలుచును. ఇది వింతగా తోచును గాని, త్రాటిపై కొండ దిగుట నేర్చువారికి గురువులు తొలుత చెప్పునదియు నిదియే.

మోకును పైకి జరుపు క్షణమున మాత్రము బరువంతయు పాదములపైననే యుండును. 60 అడుగుల ఎత్తున, పుష్యమాసపు మంచుకు మ్రాను తడిసియున్నవేళ, ఆ క్షణము చాల పెద్దది. మా మేనమామ అట్టి యొక యుదయమున జారిపడెను. ప్రాణము దక్కెను; నడుము దక్కలేదు. 11 ఏండ్లు మంచముమీదనే గడపెను. అయినను మోకును ఒక్కనాడును నిందింపలేదు. “త్రాడు తన పని తాను చేసినదిరా, అల్లుడా! మంచు కూడ తన పని తాను చేసినది” అనెడివాడు.

నైలాను కొండత్రాటిని నేను మొదట చేతబట్టినది భువనగిరిలో. ఆ కొండ యంతయు ఒకే రాయి. ఎత్తు సుమారు 500 అడుగులు. ఈ త్రాటిలోపల బలమైన పోగుల గుత్తి యుండును. వెలుపల అల్లిన తొడుగు దానిని రాపిడినుండి కాపాడును. ఎక్కుటకు వాడు త్రాడు మనిషి పడినపుడు కొంత సాగును. ఆ సాగుటవలననే నడుమునకు తగులు దెబ్బ తగ్గును. సాగని త్రాడు దిగుటకు మేలు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమారును శిక్షణ పొందినది ఈ భువనగిరి రాతిమీదనే. 2014 మే 25న వారు ఎవరెస్టు శిఖరము చేరిరి. పూర్ణ కప్పటికి 13 ఏండ్ల 11 నెలలు; అనగా ఇంచుమించు మీ యీడే. నేపాళమున 16 ఏండ్లు నిండనివారికి అనుమతి లేదు గనుక టిబెట్టు వైపునుండి ఎక్కిరి. అట్టి శిఖరముల దారిలో త్రాళ్లు ముందుగనే కట్టి యుంచుదురు. పైకి జరుగునే గాని క్రిందికి జారని పండ్ల పట్టు ఒకటి ఆ త్రాటికి తగిలించుకొని ఎక్కవలెను. ఒక త్రాడు ముగిసి మరియొకటి మొదలగుచోట, రెండవ కొక్కెమును పై త్రాటికి తగిలించిన పిదపనే పట్టును విప్పుదురు. ఏ క్షణమునను మనిషి త్రాటిని వీడి యుండడు. మోకునకు లేనిది ఈ రెండవ కొక్కెమే!

గొంగడిని జూచి పట్టణపు మిత్రులు నవ్వుదురు. బరువని నేనును ఒప్పుకొందును. నల్లగొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగడి కొంత తడిసినను వెచ్చదనము వీడదు. నూలు దుప్పటి తడిసినచో చలిని పెంచును. భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలకు మార్గశిరమున పోయినపుడెల్ల అది నా వెంట నుండును. అక్కడిది ఇసుకరాయి. వానకు తడిసినచో దాని బలము తగ్గును. బాగుగా ఆరువరకు దానిపై ఎక్కరాదు. పూర్వమానవులు గీసిన ఎర్రరంగు బొమ్మలున్నచోట చేయి వేయనే రాదు. మహబూబాబాదు జిల్లా భీమునిపాదము జలపాతముకడ నెంత మంచి జోడైనను జారును. అక్కడ చూచి సంతసించుటయే చాలును.

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర గీతకార్మికులకు కొత్త సామగ్రి నిచ్చుట ప్రారంభించెను. కొండలెక్కువారి పట్టీలు, కొక్కెములు, త్రాళ్లు తాటిచెట్టుకడకు వచ్చినవి. మా మేనమామ కుమారునకును అట్టిది లభించెను. అతడు దానిని నెలదినములు దూలమునకే వ్రేలాడదీసెను.

“బావా, ఇది తొడుగుకొనునంతలో రెండు తాళ్లు గీయుదును” అనెను. ఆ మాట అబద్ధము కాదు. ఉదయమున ఇరువది తాళ్లు ఎక్కవలసినవానికి కాలమే కూడు. నాకు బదులు తోచలేదు. మా అత్త మాత్రము ఏమియు ననక, గోడవార నిలువబెట్టిన ఆ పాత నులకమంచమువైపు చూచి వంటయింటిలోనికి పోయెను.

గత పుష్యమున అతడు పట్టీలు తొడుగుకొనుచుండగా నేను ప్రక్కనే యుంటిని. త్రాటిని జానెడు జానెడుగా వ్రేళ్ల నడుమ జార్చి, ఎచ్చటనైన నలిగినదేమో యని చూచెను. మా తాత మోకును చూచెడి తీరును అదియే. పిమ్మట లొట్టిని నడుమునకు తగిలించుకొని, ఇరువది తాళ్లలో మొదటిదానిని ఎక్కనారంభించెను.