డబ్లిన్‌లో ఒక తాతగారి జాడ

డబ్లిన్‌లో నేను బస చేసిన ఇంటి పెద్దావిడ ఒకనాడు, "1916 తిరుగుబాటులో మా తాత తుపాకి పట్టాడని కొందరంటారు, మంచం కింద దాక్కున్నాడని మరికొందరు. వెదుకుదాం, వస్తావా నాయనా?" అంది. మన వి. వి. గిరిగారు ఆ రోజుల్లో ఆ ఊళ్లోనే న్యాయశాస్త్రం చదివారు గదా, నాకూ కుతూహలం పుట్టింది.

అక్కడ వంశం వెదకడం తేలిక కాదు. 1922 అంతర్యుద్ధంలో దస్తావేజుల భాండాగారం తగలబడి ఏడు శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. 1901, 1911 జనాభా లెక్కలు మాత్రం దక్కాయి. బిషప్ స్ట్రీట్‌లోని జాతీయ భాండాగారంలో తాత కనిపించాడు: పంతొమ్మిదేళ్లు, రొట్టెల దుకాణంలో పని, ఐరిష్ భాష వచ్చు. ఆవిడ ముఖం వికసించింది. భాష వచ్చినంత మాత్రాన తుపాకి పట్టినట్టా అని నా సందేహం!

రాత్‌మైన్స్‌లోని సైనిక భాండాగారంలో సంగతి తేలింది. 1934 చట్టం కింద ఆయన పెట్టుకున్న పింఛను దరఖాస్తు అది. జాకబ్స్ బిస్కెట్ ఫ్యాక్టరీ పట్టుకున్న తిరుగుబాటుదార్లు బిస్కెట్లు తిని తిని విసిగిపోతే, ఆయన దొంగచాటుగా రొట్టెలు మోశాడట. అది సైనిక సేవ కాదని దరఖాస్తు తోసేశారు. మేము జనాభా లెక్క చూసిన భవనం ఆ ఫ్యాక్టరీ స్థలంలోదే.

"తుపాకి కాదు, రొట్టెలు!" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆనక తాత సంతకం మీద వేలుంచి చాలాసేపు మాట్లాడలేదు.