బాపు కారుకు బుర్షీ పట్టిన ఏడు

తెలుగులో బూజు అనే ఒక్క మాటతోనే రెండు పనులు జరుపుకుంటాం. ఇంటి మూలన సాలెపురుగు అల్లిందీ బూజే, పచ్చడి జాడీలో తెల్లగా లేచిందీ బూజే. మా భివండి ఇళ్లల్లో మాత్రం ఈ రెంటికీ వేరే మాటలున్నాయి. దసరా ముందు కర్రకు చీపురు కట్టి దులిపేది బూజు. వానకాలంలో తోలు చెప్పుల మీద, బీరువాలో పట్టుచీర మడతల్లో, మిగిలిన రొట్టె మీద వచ్చేది బుర్షీ. అది మరాఠీ మాట. కానీ మా అవ్వల కాలం నుంచి మన మాటలాగే నోట్లో నానింది. పద్మానగర్‌లో ఏ గడపలో అన్నా అర్థమైతది. సిరిసిల్లలో మా మేనత్తకు మాత్రం విడమరిచి చెప్పాలి.

ఈ ఏడు ఆ బుర్షీ బాపు కారులో పట్టింది.

కారు మారుతి 800, తెల్లది, సెకండ్ హ్యాండులో కొన్నది. బాపు జీవితమంతా సాంచాల మీద జాబర్‌గా చేసిండు. ఒక షెడ్డులో సాంచా ఆగితే ఇంకో షెడ్డు నుంచి పిలుపొచ్చేది. ఆ కష్టంలోంచి మిగిల్చి కొన్న బండి కాబట్టి దాని మీద ఆయనకున్న ప్రేమ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏటా బతుకమ్మకు నాందేడ్, నిజామాబాద్ మీదుగా సిరిసిల్లకు అందులోనే పోతాం. జూన్‌లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆస్పత్రికి తిప్పడానికి పెద్ద అద్దె బండి పెట్టుకున్నాం, ఎందుకంటే చిన్న కారులోకి ఆయన్ని వంచి కూర్చోబెట్టడం అప్పుడు వీలయ్యే పని కాదు. అట్లా కారు గల్లీలో రావిచెట్టు కింద, ప్లాస్టిక్ కవరు కప్పుకుని, వానకాలమంతా నిలబడింది.

సెప్టెంబరులో బాపు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసిన రోజు మొట్టమొదట అడిగింది కారు గురించే. తలుపు తీస్తే తడిసిన గోనెసంచుల వాసన గుప్పుమన్నది. సీట్ల మీద బూడిద రంగు చుక్కలు, సీటుబెల్టు మీద పచ్చటి మచ్చలు. స్టీరింగ్ మీద తెల్లటి నూగు, అదీ అంతటా కాదు, బాపు చేతులు పట్టుకునే రెండు చోట్లనే. తల ఆనించే చోట కూడా అంతే. బుర్షీకి తిండి కావాలి. ప్లాస్టిక్‌ను అది తినలేదు గానీ, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న చెమట, చేతి జిడ్డు, రాలిన చర్మపు పొడి దానికి చాలు. ఆ రెండు తెల్లటి మచ్చలు చూసి అమ్మ అక్కడ నిలబడలేక లోపలికి పోయింది.

అమ్మ మాట ఒకటే: అమ్మెయ్యండి. ఆమె అనడంలో న్యాయం ఉంది. మాలో పెద్దవాడి బిడ్డకు ఏడేళ్లు, దుమ్ము తగిలితే పిల్లికూతలు, పర్సులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉండాలి. బాపు ఛాతీ కూడా ఇంకా బలహీనమే. మూసిన డబ్బాలాంటి కారులో అన్ని గంటలు బుర్షీ గాలి పీల్చుకుంటూ పోవడమంటే ఆటలు కాదు. ఇటు బాపు మాట కూడా ఒకటే: పండుగకు మన బండిలనే పోవాలె. నోరు ఇంకా సరిగ్గా తిరగని మనిషి ఆ మాట మాత్రం స్పష్టంగా అన్నడు.

మొదట కార్లు కడిగే ఒక దుకాణంలో ఇచ్చినం. నురగ కొట్టి, బ్రష్షుతో తోమి, మల్లెపూల సెంటు చల్లి, మెరిసేటట్టు చేసి పంపించారు. అయిదో రోజుకు బుర్షీ అంతకంటే ఎక్కువగా లేచింది. పైన తుడిచారు, సీటు స్పాంజిలో, తివాచీ కింద నీళ్లు ఇంకబెట్టారు, కిటికీలు మూసి ఇచ్చారు. దానికి నీళ్లు పోసి పెంచినట్టయింది. తడిసింది 24 నుంచి 48 గంటల్లోపు ఆరకపోతే బుర్షీ మొలవడం మొదలుపెడుతుంది, కారు విషయంలో అసలు లెక్క ఇదే.

బాపు కుర్చీ గల్లీలో వేయించుకుని కూర్చున్నడు. "తడి యాడికెల్లి వస్తుందో ముందుగాల చూడుండ్రి. గది దొరకకుండ తుడుసుడు దండుగ." ఇది కార్ల విద్య కాదు, నూలు విద్య. పడుగుకు గంజి పెడతారు కదా, సైజింగ్ అంటారు. గంజి అంటే పిండి, పిండి అంటే బుర్షీకి విందు. సాంచాల షెడ్డులో గాలిలో తేమ తగ్గితే పోగులు తెగుతాయి, నూటికి 75, 80 పాళ్ల తేమ ఉంటేనే నేత సాఫీగా సాగుతుంది. అదే తేమలో గంజి పట్టిన బీమును ఊరికే నిలవ ఉంచితే మచ్చలు పడతాయి, ఆ మచ్చ బట్టలో కనిపిస్తుంది, సేటు కూలి కోస్తాడు. కాబట్టి తేమను ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఉంచకూడదో మా బాపుకు వేళ్ల చివర్ల తెలుసు. గాలిలో తేమ 70 పాళ్లు దాటి అట్లాగే ఉంటే బుర్షీకి పండుగ, 60 కంటే కిందికి దింపితే దాని ఆట కట్టు. కొంకణ్ వైపు వానకాలంలో బయటి గాలే 85 దాకా ఉంటుంది. అందుకే ముంబై, ఠాణే వైపున్న మనవాళ్లకు, ఇటు సముద్రం పక్కన యానాం, చెన్నై వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. సోలాపూర్ వాళ్లకు కొంచెం తక్కువ, వాళ్ల ఎండ వాళ్లను కాపాడుతుంది.

కాళ్ల దగ్గరి మ్యాట్లన్నీ తీసి నాలుగు చోట్లా పాత పేపర్లు పరిచి, ముందు అద్దం మీద పైపుతో పది నిమిషాలు నీళ్లు పోసినం. ఎడమవైపు ముందు సీటు దగ్గరి పేపరు ఒక్కటే తడిసింది. బానెట్ ఎత్తి చూస్తే వైపర్ల కింది జాలీ నిండా రావాకులు. అద్దం మీద పడ్డ వాన ఆ కాలువ గుండా కిందికి పోవాలి. ఆకులు కుళ్లి దారి మూసేసరికి నీళ్లు నిండి, బయటి గాలి లోపలికి వచ్చే రంధ్రం నుంచి కారులోకి దిగినయి. రెండు చేతులతో తీస్తే సగం బకెట్టు ఆకులు, మట్టి. తలుపుల అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అవీ మూసుకున్నయి. అద్దం పక్క రబ్బరు దాటి తలుపులోకి పోయిన నీళ్లు దిగేది వాటి నుంచే, అగ్గిపుల్లతో తెరిస్తే ముందు తలుపు నుంచి గ్లాసెడు నీళ్లు కారినయి.

మీ బండి వానలో నిలబడకున్నా ఎడమవైపు తివాచీ తడుస్తుంటే ఏసీని అనుమానించండి. ఏసీ నడిచినప్పుడు బండి కింద నీటిచుక్కలు పడాలి. పడకుండా లోపల తడిస్తే దాని పైపు మూసుకుపోయినట్టు. ఆ నీళ్లకు రంగుండదు, జిగురుండదు. తియ్యటి వాసన, అద్దం మీద జిగట ఆవిరి ఉంటే అది కూలెంటు, వెంటనే మెకానిక్‌కు చూపించాలి. డిక్కీలో స్టెప్నీ గుంట కూడా తడిమి చూడండి, వెనక లైట్ల రబ్బరు పోతే నీళ్లు అక్కడ చేరతాయి, ఎవరికీ కనిపించవు.

వరుసగా మూడు రోజులు ఎండ కాసేదాకా ఆగి, పెత్రమాసకు పది రోజుల ముందు పని మొదలుపెట్టినం. పిల్లను వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపినం. ముక్కుకు ఎన్95 మాస్కు, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు. పొడి బ్రష్షుతో గీకొద్దు, పొడి గుడ్డతో దులపొద్దు. గీకితే ఆ పొడంతా గాలిలోకి లేచి బండంతా పరుచుకుంటుంది. ముందు మెల్లగా తడిపి తర్వాత తుడవాలి. నాలుగు బోల్టులు విప్పి సీట్లు బయటికి తెచ్చి ఎండలో పెట్టినం. పాత బండి కాబట్టి సులువు. కొత్త బండ్లలో సీట్ల కింద ఎయిర్‌బ్యాగుల వైర్లుంటాయి, అక్కడ చేయి పెట్టకుండా మెకానిక్‌తో విప్పించుకోండి.

తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి చల్లి, అరగంట ఆగి, గుడ్డతో తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ తుడిచినం. ప్లాస్టిక్ మీదికి సబ్బునీళ్లే సరిపోయినయి. ఇంట్లో కొందరు బ్లీచింగ్ అన్నరు, వద్దన్నం. గుడ్డ రంగు పోతుంది, స్పాంజి లోపలికి దాని పని అందదు. పైగా వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, మూసిన కారులో అది ప్రాణం మీదికి తెస్తుంది. సీటుబెల్టుకైతే బ్లీచింగ్ అసలే తగలనియ్యకూడదు, పోగు బలం పోతుంది. నేతగాళ్లకు ఇది చెప్పాలా! బెల్టును పూర్తిగా బయటికి లాగి క్లిప్పు పెట్టి, సబ్బునీళ్లతో కడిగి, ఎండినంకనే లోపలికి వదిలినం. పైకప్పు గుడ్డను తడపకూడదు, జిగురు ఊడి వేలాడుతుంది, తడి పిండిన గుడ్డతో అద్దినట్టు తుడవాలి.

మైలుతుత్తం వేద్దామని బాపు అన్నడు. పుస్తకాలు కుట్టేవాళ్లు మైదా జిగురులో పురుగు, బూజు పట్టకుండా అది వేస్తారు. కానీ అది విషం, మనుషులు కూర్చునే సీటులో పనికిరాదు. బాపు మాట మేము కొట్టేసిన సందర్భం అదొక్కటే.

తివాచీ కింది జనపనార ఫెల్టును కాపాడే ప్రయత్నమే చేయలేదు, తీసి పారేసినం. ఆ పని చేసినంక వాసన సగం పోయింది.

ఎనిమిదో రోజు వెనక సీటు అంచున బొటనవేలంత మచ్చ మళ్లీ కనిపించింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. మళ్లీ వస్తే అద్దె బండి చేసుకుని, దీన్ని తుక్కు సేటుకు ఇచ్చేద్దామని ముందే అనుకున్నం కదా, అమ్మ ఆ మాట గుర్తు చేసింది. పొద్దున సీటు గుడ్డ విప్పి చూస్తే స్పాంజి నడిమి దాకా నల్లగా ఉంది. బట్ట కడగొచ్చు, తోలు తుడవొచ్చు, స్పాంజి లోపలికి పోయిన బుర్షీని ఏ మందూ తీయలేదు. సీట్లు కుట్టే మనిషి దగ్గర కొత్త స్పాంజి వేయించినం. తుక్కు సేటు ఇస్తానన్న డబ్బులో మంచి భాగం దానికే పోయిందని అమ్మ లెక్క చెప్పింది. లెక్క నిజమే.

తర్వాత డాక్టరును అడిగి, ఇన్‌హేలర్ చేతిలో పెట్టుకుని, పిల్లను మొదటి రోజు కిటికీలు దించి పావుగంట, తెల్లారి మూసి అరగంట తిప్పినం. పిల్లికూతలు రాలేదు. వాళ్ల నాన్న బండి దిగి ఆమె వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నడు.

ఇప్పుడు మా ఇంట్లో పాటించేవి చెప్తం. దిగే ముందు అయిదు నిమిషాలు ఏసీ బంద్ చేసి, ఫ్యాను ఒక్కటే నడపాలి, అప్పుడు లోపలి తడి ఆరుతుంది. వానలో గాలి లోపలే తిరిగే బటన్ ఎప్పుడూ నొక్కి ఉంచొద్దు, మన ఊపిరి తడి, గొడుగుల తడి లోపలే ఉండిపోతుంది. క్యాబిన్ ఫిల్టరు ఉన్న బండ్లలో వానకాలం పోగానే అది మార్చాలి. నీళ్లు చొరని ప్లాస్టిక్ కవరు తడిని లోపల బంధిస్తుంది, గాలి ఆడే కవరు కొన్నం. గిన్నెలో ఉప్పు పెడితే చాలని చాలామంది అంటారు. ఉప్పు నీరు పీల్చేది గాలి తేమ 75 పాళ్లు దాటినప్పుడే, అంతకంటే కిందికి అది దింపలేదు, బుర్షీకి అంత తేమ చాలు కదా. సిలికా జెల్ సంచులు నయం, పొయ్యి వేడికి మళ్లీ ఆరబెట్టుకోవచ్చు. కర్పూరం, సెంటు వాసనను కప్పుతాయి, బుర్షీని ఏమీ చేయవు, పైగా అసలు వాసన మనకు తెలియకుండా చేస్తాయి. బండి కదలని రోజుల్లో వారానికి ఒక్క ఎండపూట నాలుగు తలుపులూ తెరిచిపెట్టండి, వైపర్ల కింది ఆకులు తీసేయండి.

పండుగకు కారులోనే పోయినం, నిజామాబాద్‌లో ఒక రాత్రి ఆగి. టీ తాగడానికి ఆగబోయే ప్రతిచోటా బాపు గడియారం చూసుకుని, ఎడమ చేతితో ముందు సీటు వెనక తట్టి, "ఏసీ బంద్ జెయ్యి" అన్నడు. తిరుగు ప్రయాణంలో అమ్మ గునుగు పూలు, తంగేడు పూలు నీళ్లు చల్లి గోనెసంచిలో తెచ్చుకుంది. ఆ సంచిని డిక్కీలో పెట్టనియ్యలేదు, కాళ్ల దగ్గర పెట్టనియ్యలేదు. నిజామాబాద్ దాకా పోట్లాడి, చివరికి ప్లాస్టిక్ తట్టలో పెట్టి ఒళ్లో పట్టుకుని భివండి దాకా తెచ్చింది.