గల్లీ నుండి గగనమునకు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. అయితే బొంబాయికి వలస వచ్చిన మన పూర్వులు కట్టిన ఇండ్లన్నియు పరులవే. తమకొరకు కట్టుకొనుటకు వారికి తీరికయు లేదు, స్తోమతయు లేదు. నేడు వారి మనుమల కాలమున ఆ అవకాశము గుమ్మము ముందర నిలిచినది. దానిని గూర్చి మా కామాఠిపురాలో జరుగుచున్న చర్చను, అందు మాకు కలిగిన సంకటమును చదువరులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

18వ శతాబ్ది చివర సముద్రపు పోటునకు అడ్డుకట్ట వేసిన పిమ్మట ఈ నగరపు నడిమి పల్లములు మెల్లగా ఎండి నివాసయోగ్యములైనవి. నైజాము రాజ్యమునుండి పనులకు వచ్చిన తెలుగువారు అచ్చట నిలువ నీడ చూచుకొనిరి. వారిని ఇచ్చటివారు కామాఠీలనిరి. వారి పేట కామాఠిపురా అయినది. రాళ్లు మోసినవారు, సున్నము కలిపినవారు, తరువాతి కాలమున నూలుమిల్లులలో చేరినవారు ఈ గల్లీలలోనే బిడ్డలను పెంచిరి. కొన్ని గల్లీలకు వచ్చిన అపకీర్తి పేట మొత్తమునకు అంటుకొన్నది. మా చెల్లెలి సంబంధము కొరకు వ్రాసిన జాబులలో మా నాయన "బొంబాయి సెంట్రల్ దగ్గర" అని వ్రాసెనే గాని పేట పేరు వ్రాయలేదు. ఆ సంగతి తలచుకొన్నప్పుడు నేటికిని మనసు కలుక్కుమనును.

మా కుటుంబమునకున్నది మూడవ అంతస్తులో పది పండ్రెండు అడుగుల ఖోలీ. అందు ఇప్పుడు ఆరుగురము. వరండా చివర నాలుగిండ్లకు ఒక కొళాయి, అంతస్తునకంతకు రెండు మరుగుదొడ్లు. 1947 నాటి అద్దెచట్టము భాడాను పెరుగనీయలేదు. పెరుగని భాడాతో యజమాని కప్పు మార్పించలేదు. 1969లో ప్రభుత్వము మరమ్మతుల సుంకము విధించి తానే బాగుచేయ పూనుకొన్నను, నూరేండ్ల దూలములకు ఎన్ని ఊతకఱ్ఱలని పెట్టగలరు? ఒక వానకాలపు రాత్రి మా ప్రక్క ఖోలీ ముందరి వరండా విరిగి క్రింద పడెను. దైవవశమున దానిపై ఎవరును లేరు. నాటినుండి మా కోడలు పిల్లలను వరండాలో ఆడుకొననీయదు.

1వ గల్లీ మొదలు 15వ గల్లీ వరకు గల పాత కట్టడములను తొలగించి ఎత్తైన మేడలు కట్టు పనిని ప్రభుత్వము 2023లో మ్హాడాకు అప్పగించెను. అర్హులైన కిరాయిదారులకు 500 చదరపు అడుగుల ఇల్లు సొంతముగా ఇత్తురని మాట. ఇది గాలిమాట కాదనుటకు వర్లీ సాక్ష్యము. అచ్చటి బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదులలో తరములు గడపిన 556 కుటుంబములకు 2025 ఆగస్టు 14న 40 అంతస్తుల మేడలలో ఇండ్ల తాళపుచెవులు అందినవి. ఆ వార్త విన్న ఆదివారమే మా చాళీవారందరును సంఘపు గదిలో సమావేశమైరి.

ఆనాటి చర్చలో ప్రతివారి మాటయందును కొంత న్యాయము కలదు. క్రింది అంతస్తు దర్జీ, "మూడు నాలుగేండ్లు దుకాణం మూస్తె గిరాకి నా కొరకు ఆగుతదా?" అని అడిగెను. యజమాని తరఫున వచ్చిన పెద్దమనిషి, ఖోలీకి నెలకు అరువది రూపాయల భాడా తీసికొని తాము బాగుపడినదేమియు లేదని మొరపెట్టుకొనెను. లిఫ్టు, నీటిపంపు, కావలివాని జీతము, ఇవన్నియు కలిపి నెలకు ఎంత పడునో ముందుగా తేల్చవలెనని ఒకరనిరి. మా అంతస్తులో ఒంటరిగా నుండు అవ్వ మెల్లగా ఇట్లనెను: "ఈడ పొద్దుగాల నా తలుపు తెరువకుంటె నలుగురు అడుగుతరు. ఆ పైకి పోతె నా పానం పోయినా ఎవలకెరుక బిడ్డా?"

ఆ మాటకు గదియంతయు నిశ్శబ్దమైనది. బతుకమ్మలు గల్లీలో ఆడుట, చావునకు పెండ్లికి అందరును చేయి వేయుట, ఇవన్నియు పోవునని వృద్ధులము నిట్టూర్పులు విడిచితిమి. అప్పుడు దర్జీ కోడలు లేచి, "బతుకమ్మ ముచ్చట తర్వాత గానీ, ముందుగాల ఇంట్ల మరుగుదొడ్డి గావాలె. అర్ధరాత్రి చెంబు పట్టుకొని వరండా చివరికి పోయేది మేమే గదా" అనెను. మేము తలవంచుకొంటిమి. నలుబది ఏండ్లు మా ఇల్లాలు కూడ అట్లే పోయినది. ఏనాడును మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు.

మేడలు రావలెనని దాదాపు అందరును ఒప్పుకొనిరి. పిమ్మట సంఘపు గది మాట వచ్చినది. మా నాయన మిల్లుకార్మికుడు, తెలుగు చక్కగా వ్రాయగలవాడు. ఆ గది తీసికొన్ననాడు సంఘము పేర పావతి ఇచ్చుటకు యజమాని ఒప్పుకొననందున మా నాయన పేర తీసికొనిరి. ఆయన తరువాత అది మా పేరునకు మారినది. అనగా కాగితము ప్రకారము ఆ గదికి కిరాయిదారులము మేమే. దానికి వచ్చు ఇల్లును మాదే కాగలదు.

ఆ రాత్రి మా కుమారుడు, "బాపూ, పావతి మన పేరు మీద ఉన్నది. అడిగితే ఇంకొక్క ఇల్లు వస్తదేమో. మనం ఎవ్వల సొమ్ము గుంజుకుంట లేము గదా" అనెను. వానిని దురాశాపరుడని మేమనజాలము. ఇద్దరు పిల్లలతో ఆ ఖోలీలో చాప వేసికొను చోటునకై ఒదిగి ఒదిగి బ్రదుకువాడు. మేము వెంటనే కాదనలేకపోయితిమి. నిజము చెప్పవలెనన్న, రెండు రాత్రులు ఆ రెండవ ఇంటిలో మనసునందే గోడలకు రంగులు వేసికొంటిమి.

మూడవనాడు పెట్టెలోని సంఘపు పుస్తకము తీసితిమి. మా నాయన చేతివ్రాత. ఎవరెవరు నెలకు ఎంత చందా ఇచ్చి ఆ గది భాడా చెల్లించిరో వరుసగా కలదు. 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైన పిమ్మటి పుటలలో చందా గడులు చాల వరకు ఖాళీ. వాని ప్రక్కన ఏ ఇంటికి ఎన్ని శేర్ల బియ్యము పంచిరో లెక్క. ఆ వరుసలో మా ఇల్లును ఉన్నది. అప్పటికి మాకు గుమాస్తాగిరి దొరకలేదు. ఆ బియ్యము మేము తింటిమి.

ఆ పుస్తకమును కుమారునకు చూపితిమి. వానికి తెలుగు మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని పుటలన్నియు చదివి వినిపించితిమి. వాడు ఏమియు అనలేదు. మరునాడు ఆ గది సంఘమునకు చెందినదనియు, దానికి బదులుగా వచ్చు స్థలము అందరి వాడుకకే యుండవలెననియు మేము మరాఠీలో వ్రాసిన పత్రమును వాడే టైపు చేసి తెచ్చెను. కోడలి ముఖము మాత్రము ఇంకను తేటపడలేదు. ఆమె బాధను మేము కాదనము. ఆ పత్రము కచేరీలో చెల్లునో చెల్లదో చూడవలెను. ముప్పది ఎనిమిదేండ్లు గుమాస్తాగిరి చేసినవారము గనుక నకళ్లు నాలుగు తీసి సిద్ధముగా నుంచితిమి.

మేడలు కట్టిన పిమ్మట మన భాష, మన కలుపుగోలుతనము పోవునని అనుట న్యాయము కాదు. చదువరాని తెలుగు పుస్తకము మా పెట్టెలో చాళీ నిలిచియుండగనే పడియున్నది. ఆ తప్పు ఇటుకలది కాదు, మాది. అయినను పది ఇండ్లవారు వచ్చి కూర్చుండుటకు ఒక చోటు లేకున్న ఆ తప్పును దిద్దుకొను దారియు మూసికొనిపోవును. వరండా అడుగకయే దొరికెను. మేడలో కూడుకొను చోటు అడిగిననే దొరకును. వర్లీలో ఏ ఇల్లు ఎవరికన్నది చీటి తీసి నిర్ణయించిరి. మాకును అట్లే యగునేమో. ఒంటరి వృద్ధులను ఎరిగినవారి ప్రక్కననే యుంచవలెనని మా సమావేశము ఇప్పుడే కోరినది.

సోలాపురములోను, భివండిలోను, ఇతర రాష్ట్రముల పాత పేటలలోను నివసించు మన సోదరీ సోదరులకును ఇట్టి దినము రావచ్చును. అంగీకార పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు మీ సంఘపు గది పావతి ఎవరి పేర నున్నదో ఒకమారు చూచుకొనుడు. మీ పేరనే యున్నచో, పాత పుస్తకము కూడ తీసి చదువుకొనుడు. ప్రక్కన మీ పిల్లలను కూర్చుండబెట్టుకొని చదువుడు.